మా పాపకి బెల్టు టెస్టు: ఈ జపనీస్ మాటలకి అర్థం చెప్పేవాళ్ళున్నారా?

సితారవాళ్ళమ్మ (గుంటూరు) · సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా పాపకి తొమ్మిదేళ్ళు. ఏడాదిగా కరాటే క్లాసుకి వెళ్తోంది. ఈ శనివారం కాదు, ఆ పై శనివారం బెల్టు టెస్టు. ఈసారి ఒంటితో చేసేదే కాకుండా నోటితో చెప్పేది కూడా ఉందట. ఒక జిరాక్స్ కాయితం ఇచ్చారు. రెండు వైపులా కలిపి అరవై మాటలు, ఇంగ్లీషు అక్షరాల్లో జపనీస్, పక్కన ఇంగ్లీషు అర్థం. జిరాక్సుకి జిరాక్సు తీసినట్టున్నారు, సగం అక్షరాలు చెదలు తిన్నట్టున్నాయి.

పిల్ల అన్నం తింటూ కూడా బట్టీ కొడుతోంది. నిన్న రాత్రి అడిగింది: "అమ్మా, తన్నుకి ఒక చోట 'కేరి' అని ఉంది, ఇంకో చోట 'గేరి' అని ఉంది. గుద్దుకి ఒక చోట 'సుకి', ఇంకో చోట 'జుకి'. ఏది రైటు?" నాకేం తెలుసు! ప్రింటింగ్ మిస్టేక్ అన్నాను. నమ్మలేదు.

అర్థం తెలియకుండా అరవై మాటలు మింగించడం నాకు నచ్చలేదు. తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

వరంగల్_వేణు · సోమవారం, రాత్రి 10:15

మేడమ్, మిస్టేక్ కాదు. రెండూ రైటే. ఎందుకు అని మాత్రం నన్నడగకండి, పన్నెండేళ్ళ నుంచి నేర్చుకుంటున్నా, మా మాస్టర్‌ని అడిగితే "అట్లనే ఉంటది" అన్నారు.

కుర్రాడు_99 · సోమవారం, రాత్రి 10:32

అసలు కరాటే మన మాటే అండీ. సంస్కృతంలో "కర" అంటే చేయి. కరం, కరచాలనం, కరతాళం. బోధిధర్ముడనే బౌద్ధ భిక్షువు ఇక్కడి నుంచి తీసుకెళ్ళాడు. వాళ్ళు మనకే తిప్పి అమ్ముతున్నారు.

కవాసాకి_కిరణ్ · మంగళవారం, ఉదయం 6:05

తమ్ముడూ, వినడానికి బాగుంది కానీ చేయి ఉన్నది "కర"లో కాదు, చివరి "తె"లో. "కర" అంటే ఖాళీ. కరావొకె తెలుసుగా, పాటగాడికి వెనక వాద్యబృందం ఉండదు కాబట్టి "ఖాళీ ఆర్కెస్ట్రా". ఆ "కర"నే ఈ "కర". కరతె అంటే ఖాళీ చేయి.

ఇంకో మెలిక ఉంది. మొదట్లో ఒకినావాలో (కరాటే పుట్టిన జపాన్ దక్షిణ దీవి) రాసిన "కర" వేరే అక్షరం. దానికి అర్థం చైనా, అంటే థాంగ్ వంశం పేరు. "చైనా చేయి" అన్నమాట. అదే అక్షరాలని "తోదె" అని కూడా చదివేవాళ్ళు. 1905లో హనషిరో చోమో అనే ఒకినావా గురువు "ఖాళీ" అక్షరంతో రాశాడు. 1936 అక్టోబర్ 25న నాహాలో పెద్ద పెద్ద గురువులంతా ఒక పత్రిక పిలుపు మీద కూర్చుని, ఇక ఇదే పేరు అనుకున్నారు. ఒకినావాలో ఇప్పుడు అక్టోబర్ 25ని కరాటే దినంగా జరుపుకుంటారు.

బోధిధర్ముడు దక్షిణ భారతం నుంచి వెళ్ళాడని జెన్ బౌద్ధ సంప్రదాయం చెబుతుంది. కానీ అక్కడ యుద్ధవిద్య నేర్పాడన్న కథ ఆయన పోయిన ఎన్నో శతాబ్దాలకి పుట్టింది.

సితారవాళ్ళమ్మగారూ, నేను ఇక్కడ కవాసాకిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ శనివారం సాయంత్రాలు ఒక డోజోకి, అంటే కరాటే నేర్పే చోటికి, వెళ్తుంటాను. కేరి-గేరి సంగతి ఇది: మాట ఒంటరిగా ఉంటే "కెరి". ముందు ఇంకో మాట తగిలితే "గెరి". మఎ-గెరి (ముందు తన్ను), యొకొ-గెరి (పక్క తన్ను), మవషి-గెరి (తిప్పి తన్నడం). నిలబడే తీరు "తచి", జెన్‌కుత్సు (ముందు మోకాలు వంచడం) పక్కన చేరితే "దచి". జపాన్‌వాళ్ళు ఆలోచించకుండానే అలా మార్చేస్తారు. నాకూ ఎందుకో తెలియదు, నోటికి సుఖం అనుకుంటా.

విశ్రాంత_పంతులు (తెనాలి) · మంగళవారం, ఉదయం 8:20

కిరణ్ గారూ, ఆగండి ఆగండి. నాకు కరాటే అంటే సున్నా. మా మనవడు బెల్టు నడుముకి చుట్టుకుని దూలానికి వేలాడుతుంటే చూడటం తప్ప. కానీ ముప్పై ఒక్క ఏళ్ళు తెలుగు సంధులు చెప్పినవాణ్ణి, ఇది చూసి ఊరుకోలేను.

కూర + కాయలు ఏమైంది? కూరగాయలు. క పోయి గ వచ్చింది.
అన్న + తమ్ముడు? అన్నదమ్ములు. త పోయి ద వచ్చింది.

మరి మఎ + కెరి = మఎగెరి. జెన్‌కుత్సు + తచి = జెన్‌కుత్సుదచి. ఏమిటండీ తేడా? మన గసడదవాదేశ సంధి జపాన్‌లో గది అద్దెకి తీసుకుని ఉంటోంది!

అమ్మా, మీ పాపని అడగండి: "నువ్వు కూరకాయలు అంటావా, కూరగాయలు అంటావా?" అని. ఇక జన్మలో మర్చిపోదు.

మరి "సుకి" "జుకి" అయిందన్నారు, దాని ఉచ్చారణ ఏమిటో ఎవరైనా చెబితే ఇంకో మాట చెబుతాను.

కవాసాకి_కిరణ్ · మంగళవారం, ఉదయం 8:41

పంతులుగారూ, మీ పాదాలకి నమస్కారం. నాలుగేళ్ళుగా జపనీస్ మాట్లాడుతున్నాను, కూరగాయలు తట్టలేదు!

"సుకి" కాదండీ. ఇంగ్లీషులో టి, ఎస్, యు అని రాస్తారు, అందుకని మనవాళ్ళు ట్సుకి, సుకి, టుసుకి అని నానా రకాలుగా అంటారు. అసలు శబ్దం మన "చుక్క"లో మొదటి అక్షరం. "చాలు", "చుట్టం" అన్నప్పుడు పళ్ళ దగ్గర పలికే చ. "చుకి" అని చుక్కలో చ పెట్టి అనండి, జపాన్‌వాళ్ళు మారు మాట్లాడరు. జుకి కూడా అంతే, "జుట్టు"లో జ.

విశ్రాంత_పంతులు · మంగళవారం, ఉదయం 9:10

దంత్య చకారం, దంత్య జకారం! వెనకటి పుస్తకాల్లో వాటి మీద చిన్న 2 అంకె వేసి అచ్చు వేసేవారు. ఇప్పుడు తీసేశారు, పిల్లలు నోటి వాడుకతో పట్టేస్తారని.

చ వెళ్ళి జ రావడం సరళాదేశ సంధిలో ఉంది. క చ ట త ప లు పోయి గ జ డ ద బ లు వస్తాయి. పూచెను కలువలు, పూచెను గలువలు. నీటను పడి, నీటఁ బడి. ఇందాకటి లెక్కన ప కి బ రావాలి. మీ జపాన్ మాటల్లో అలాంటిది ఉందా?

కవాసాకి_కిరణ్ · మంగళవారం, ఉదయం 9:26

ఉంది, కానీ కాస్త చిత్రంగా. "హరై" అంటే ఊడ్చేయడం. "గెదాన్" (కింది భాగం) పక్కన చేరితే గెదాన్-బరై. హ పోయి బ వచ్చింది. అయితే ఇప్పటి జపనీస్ హ వెనకటి రోజుల్లో ప అని భాషాశాస్త్రం చెబుతుంది. కాబట్టి లోపల జరుగుతున్నది ప నుంచి బ. మీ లెక్క సరిపోయింది!

అన్ని చోట్లా మాత్రం జరగదు. "కరతె"లో తె అలాగే ఉండిపోయింది, కుమితెలో (ఇద్దరు ఎదురెదురుగా చేసే పోరు) కూడా. అదే పాత పేరు "తోదె"లో దె అయింది.

విశ్రాంత_పంతులు · మంగళవారం, ఉదయం 9:31

అయితే వైకల్పికం. ఇంకేం, పూర్తిగా మనవాళ్ళే.

సితారవాళ్ళమ్మ · మంగళవారం, మధ్యాహ్నం 2:15

పంతులుగారూ, లంచ్ బాక్సు సర్దుతూ కూరగాయల సంగతి చెప్పాను. పిల్ల బూటు లేసు కట్టుకుంటూ ఆగిపోయి, "అయితే అన్నదమ్ములు కూడానా?" అంది. నేను చెప్పకముందే! రెండు గేరీలూ ఒకే తన్ను అని తేలింది, కాయితంలో అరవై మాటలు నలభైకి దిగాయి.

ఇంకో అనుమానం. ఉకె అంటే "బ్లాక్" అని రాసి ఉంది. ఏజ్ ఉకె, సోటో ఉకె, ఉచి ఉకె. అన్నీ అడ్డుకోవడమేనా?

నల్లబెల్టు_నాయుడు (విశాఖ) · మంగళవారం, రాత్రి 11:05

ఆ ఒక్క మాట కోసమే లాగిన్ అయ్యానమ్మా. ముందు చిన్న సంగతి, ఏజ్ కాదు, "అగె". ఇంగ్లీషు స్పెల్లింగు చూసి వయసు అనుకుంటున్నారు పిల్లలు. అగె అంటే పైకెత్తడం.

నేను షితో-ర్యూ, కరాటేలో ఒక శైలి. ఇరవై ఏడేళ్ళుగా నేర్పుతున్నాను. నాకు నేర్పినాయన కూడా ఉకె అంటే బ్లాక్ అనే చెప్పారు. బ్లాక్ అంటే ఏం చేస్తాం? గోడలా నిలబెడతాం. ఎదుటివాడు గుద్దుతాడు, మనం ముంజేయి ఎముక అడ్డం పెడతాం, టక్‌మని ఎముకకి ఎముక. రోజూ రాత్రి మా అమ్మ పసుపు, కొబ్బరినూనె కలిపి రాసేది. మోచేతి నుంచి మణికట్టు దాకా నేరేడుపండు రంగు. అదే మగతనం అనుకునేవాణ్ణి.

తర్వాత ఒకసారి ఒకినావా నుంచి వచ్చిన ఒక పెద్దాయన సెమినార్‌కి వెళ్ళాను. అరవై దాటిన మనిషి, నా భుజం దాకా వస్తాడేమో. నన్ను గుద్దమన్నాడు. గుద్దాను. తగలలేదు, ఆగనూ లేదు. నా చేయి ఆయన చేతి మీదకి ఎక్కి ఎటో జారిపోయింది. ఆయన రెండో చెయ్యి అప్పటికే నా మణికట్టు పట్టుకుని ఆయన నడుము దగ్గరికి లాగేసింది. నేను ముందుకి తూలాను, ఆయన పిడికిలి నా ముక్కు ముందు. అంతా ఒక్క అగె-ఉకె.

దుబాసీ చెప్పాడు: "ఉకె అంటే అడ్డుకోవడం కాదు. తీసుకోవడం, అందుకోవడం." ఎవరైనా బిందె అందిస్తే మనం ఎలా అందుకుంటాం? చేతులు బిగబట్టం. కాస్త వెనక్కి తగ్గి బరువు తీసుకుంటాం. అది ఉకె.

అంతవరకూ నేను నడుము దగ్గరికి లాగే రెండో చేతిని "బ్యాలెన్స్ కోసం" అనుకునేవాణ్ణి. దాని పేరు హికితె. లాగే చేయి. లాగే చేయి అని పేరులోనే ఉంటే, ఏం లాగుతున్నాం అని ఒక్కరోజూ అడగలేదు. గాలిని లాగుతున్నాను, పదేళ్ళు!

కవాసాకి_కిరణ్ · బుధవారం, ఉదయం 6:30

నాయుడుగారు చెప్పింది ఇక్కడ రోజూ కళ్ళకి కనబడుతుంది. ఆసుపత్రిలో రిసెప్షన్ బల్ల మీద "ఉకెత్సుకె" అని బోర్డు ఉంటుంది. అదే ఉకె. వచ్చినవాళ్ళని తీసుకునే చోటు. అక్కడ కూర్చున్నామె ఎవరినీ మోచేత్తో నెట్టదు!

ఇక్కడికి వచ్చాక నాకు జరిగిన పెద్ద ఆశ్చర్యం ఇదే. హైదరాబాద్‌లో ఏదో మంత్రాల్లా నేర్చుకున్న మాటలన్నీ ఇక్కడ బజార్లో తిరుగుతున్నాయి. లోకల్ ట్రైన్‌లో దిగే ముందు అనౌన్స్‌మెంట్ "హిదరి గవ", ఎడమ వైపు తలుపులు. మొదటి వారం ఆ మాట వినగానే నా ఎడమ కాలు కదిలింది, ఒట్టు. దుకాణం తలుపు మీద "హికు", అంటే లాగు. అదే హికితెలో హికి. స్టేషన్ ముందు ఉన్న చోటు "ఎకి-మఎ", మఎ-గెరిలో మఎ. మేడ మెట్లు "కైదాన్". జోదాన్, చూదాన్, గెదాన్‌లో దాన్ అదే, పై మెట్టు, నడి మెట్టు, కింది మెట్టు. బ్లాక్ బెల్టు దాన్ కూడా అదే మెట్టు. గెదాన్-బరైలో ఉన్న హరై? డబ్బు కట్టే చోట "షిహరై" అని ఉంటుంది, చెల్లింపు. ఊడ్చేయడానికీ, అప్పు తీర్చేయడానికీ ఒకే మాట, ఒకే అక్షరం.

యకుసొకు కుమితె అని ఉంటుంది, ముందే చెప్పుకుని చేసే జోడీ సాధన. యకుసొకు అంటే మాట ఇవ్వడం. స్నేహితులతో ఫలానా టైముకి కలుద్దామని అనుకోవడానికి కూడా ఆ మాటే వాడతారు. సూమోవాళ్ళు నడుముకి చుట్టుకునే గుడ్డ పేరు మవషి. మవషి-గెరి అంటే చుట్టూ తిప్పి తన్నడం.

పాపకి ఒక చిట్కా: తెలుగు అక్షరాల్లో రాసుకోమనండి. మనకి ఎ వేరు, ఏ వేరు. ఒ వేరు, ఓ వేరు. జపనీస్‌కీ అంతే. జోదాన్‌లో జో దీర్ఘం, గెదాన్‌లో గె పొట్టి, చూదాన్‌లో చూ దీర్ఘం. ఇంగ్లీషులో ఇవేవీ తెలియవు. "మే" కాదు, మ-ఎ, రెండూ విడిగా. కటా కాదు, "కత".

విశ్రాంత_పంతులు · బుధవారం, ఉదయం 7:02

కత! మా మేనత్త రాత్రిళ్ళు "కత చెప్తాను రారా" అనేది.

నల్లబెల్టు_నాయుడు · బుధవారం, ఉదయం 7:15

పంతులుగారూ, వాళ్ళ కత అంటే అచ్చు, మూస. కానీ మా పిల్లలకి నేను రెండోదే చెబుతాను, కనబడని శత్రువుతో నువ్వు చెప్పే కత అని. ఆ కతని విప్పి ఏ కదలిక దేనికో చూడటం "బున్‌కై". బున్‌కై అంటే విడదీయడం. మీరు పద్యానికి ప్రతిపదార్థం చెబుతారే, అదన్నమాట. పద్యం బట్టీ పట్టి అర్థం చెప్పనివాళ్ళు మీ వైపూ ఉంటారు, మా వైపూ ఉంటారు.

రెడ్_కార్నర్ · బుధవారం, సాయంత్రం 6:50

నేను కుమితె ప్లేయర్ని, ఇంజనీరింగ్ థర్డ్ ఇయర్. మా వైపు నుంచి కూడా రెండు మాటలు. మ్యాట్ మీద రెఫరీ నోట వచ్చేవి నాలుగైదే. హజిమె, మొదలుపెట్టు. యమె, ఆపు. అక ఎరుపు, అఒ నీలం. గుద్దు తగిలితే యూకో, ఒక పాయింట్. ఒంటి మీద తన్ను తగిలితే వజా-అరి, రెండు. తల మీద తన్ను తగిలినా, పడినవాళ్ళ మీద కొట్టినా ఇప్పోన్, మూడు.

నా డౌటు: ఇప్పోన్‌లో "ఇచి" ఉంది కదా, అంటే ఒకటి. మరి మూడు పాయింట్లు ఎందుకిస్తారు? కోచ్‌ని అడిగితే "నువ్వు ముందు కొట్టు, తర్వాత అడుగు" అన్నారు.

కవాసాకి_కిరణ్ · బుధవారం, రాత్రి 8:12

చెల్లెమ్మా, మీ కోచ్ మాటా నిజమే. "హోన్" అనేది పొడుగ్గా ఉండేవాటిని లెక్కపెట్టే మాట. పెన్సిల్, గొడుగు, సీసా. ఒకటైతే ఇప్పోన్, రెండైతే నిహోన్, మూడైతే సన్‌బోన్. మన ఒక మనిషి, ఇద్దరు, ముగ్గురు ఎలాగో అలా. బార్‌లో బీరు సీసా ఒకటి కావాలన్నా ఇప్పోన్ అనే అంటారు. పోటీల్లో ఇప్పోన్ అంటే "ఒక పూర్తి దెబ్బ", ఇక ఆట ముగిసినట్టే అన్న అర్థం జూడో నుంచీ ఉంది. దానికి మూడు అంకె వేయడం తర్వాతి రూల్స్ పుణ్యం.

సితారవాళ్ళమ్మ · బుధవారం, రాత్రి 9:30

చాలా సంతోషంగా ఉంది చదువుతుంటే. కానీ ఒకటి అడుగుతాను, ఎవరూ కోప్పడకండి. ఇంత చక్కగా తెలుగులో అర్థాలు ఉన్నాయి కదా. ముందు తన్ను, పక్క తన్ను, పైకెత్తి అందుకో, అని తెలుగులోనే నేర్పితే ఏం పోతుంది? వాళ్ళ భాష వాళ్ళకి ముద్దు.

నల్లబెల్టు_నాయుడు · గురువారం, ఉదయం 5:50

నేను చేసి చూశానమ్మా. ఆరేళ్ళ లోపు పిల్లల బ్యాచ్, మొత్తం పద్నాలుగు మంది. "పిల్లి కాలు" అంటే వెంటనే నిలబడేవాళ్ళు, నెకొఅషి-దచి అంటే అదే మరి. "గుర్రం మీద కూర్చో" అంటే కిబా-దచి ఎవరికీ వంకర పోలేదు. అంతవరకూ బ్రహ్మాండం. "ముందు తన్ను" అన్న రోజు ముందున్నవాణ్ణి తన్నారు.

నవ్వులాట పక్కనపెడితే, నా దగ్గర నేర్చుకున్న పిల్ల రేపు చెన్నై వెళ్తుంది, పెళ్ళయి డల్లాస్ వెళ్తుంది. అక్కడ క్లాసులో మెక్సికో అమ్మాయి పక్కన నిలబడి "మఎ-గెరి" అనగానే కాలు లేపగలగాలి. మన కర్ణాటక సంగీతం నేర్చుకునే తమిళ పిల్ల త్యాగరాయ కీర్తన తెలుగులోనే పాడుతుంది కదా. అలాగే.

అయితే ఈ మాటలు వేదాలేమీ కావని కూడా తెలుసుకోవాలి. ఇందులో సగం వందేళ్ళ నాటివి. కరాటే ఒకినావాది, జపాన్ ప్రధాన భూభాగానిది కాదు. ఇతోసు అన్‌కో అనే ఆయన 1900ల మొదట్లో ఒకినావా బడిపిల్లల కోసం ఐదు పినాన్ కతలు కూర్చాడు. ఆయన శిష్యుడు ఫునకోషి గిచిన్ 1922లో తోక్యో వెళ్ళి ప్రదర్శన ఇచ్చి అక్కడే ఉండిపోయాడు. తోక్యో కుర్రాళ్ళకి ఒకినావా పేర్లు నోరు తిరగలేదు, అర్థమూ కాలేదు. ఆయన ఏం చేశాడు? పేర్లు మార్చేశాడు! పినాన్ హెయాన్ అయింది. నైహంచి తెక్కి అయింది, ఇనప గుర్రం. ఒంటికాలి మీద నిలబడే చింతో గన్‌కకు అయింది, బండ మీద కొంగ. కుషన్‌కు కన్‌కు అయింది, ఆకాశం చూడటం. మొదలే రెండు చేతుల సందులోంచి పైకి చూస్తారు కాబట్టి. అంటే మీరడిగిన పని ఆయన అప్పుడే చేశాడమ్మా, వినేవాళ్ళ భాషలో పెట్టాడు. మా షితో-ర్యూలో పాత పేర్లే ఉన్నాయి.

క్యూ (బ్లాక్ బెల్టు కంటే కింది మెట్లు), దాన్ కూడా అంతే. ఆ మెట్ల లెక్క జూడో పెట్టిన కనో జిగోరో 1880లలో మొదలుపెట్టాడు, అంతకు ముందు అది గో అనే పలక మీద ఆడే ఆటలో ఉండేది. ఫునకోషి కరాటేలో మొదటి దాన్‌లు 1924లో ఇచ్చాడు. మొదటి దాన్‌ని "ఇచిదాన్" అనరు, షోదాన్ అంటారు. షో అంటే మొదలు. మనవాళ్ళు బ్లాక్ బెల్టు రాగానే ఫ్లెక్సీ కట్టిస్తారు. అక్కడ దాని పేరు అక్షరాభ్యాసం.

వరంగల్_వేణు · గురువారం, ఉదయం 10:20

నాయుడు సార్, పేర్లు మార్చుడు అనంగనే నా పుండు మీద కారం పడ్డది. నేను షోటోకాన్ శైలిలో ఏడేళ్ళు చేసి, ఉద్యోగం మారి వేరే ఊళ్ళో వాదో-ర్యూ అనే ఇంకో శైలి క్లాసులో చేరిన. పేరెందుకులెండి. మొదటి టెస్టులో ఎగ్జామినర్ "ఉచి-ఉకె" అన్నడు. ఉచి అంటే లోపల. షోటోకాన్‌లో ఉచి-ఉకె అంటే లోపలి నుంచి బయటికి. చేసిన. ఆయన తల అడ్డం ఊపిండు. మళ్ళీ చేసిన, ఇంకా గట్టిగ. మళ్ళీ అడ్డం. మూడోసారి నా మొహం చూసి జాలిపడ్డడు. వాళ్ళకు ఉచి-ఉకె అంటే బయటి నుంచి లోపలికి! ఒకళ్ళు బయలుదేరిన ఊరు చెప్తున్నరు, ఒకళ్ళు చేరే ఊరు చెప్తున్నరు. బస్సు ఒక్కటే.

అట్లనే షోటోకాన్‌లో ఓయి-జుకి (అడుగు ముందుకేసి గుద్దుడు) అంటే వాదోలో జున్-జుకి. హెయాన్ షోదాన్ అంటే మిగతావాళ్ళ పినాన్ నిదాన్. ఒకటీ రెండూ తారుమారు చేసిండు ఫునకోషి, ఒకటోది తేలికగా ఉండాలని. కాబట్టి పాపకి చెప్పండి మేడమ్, వేరే క్లాసు పిల్లలతో మాత్రం పందెం కాయొద్దని.

సితారవాళ్ళమ్మ · గురువారం, మధ్యాహ్నం 1:05

వేణు గారూ, ఆల్రెడీ కాసింది. చాక్లెట్ ఓడిపోయింది. ఇదన్నమాట సంగతి!

మరి క్లాసు మొదట్లో, చివర్లో వరసగా కూర్చుని అంటారు కదా, "సెన్సై నీ రే", "మోక్షా" అని. మోక్షం అంటే మనదేనా?

నల్లబెల్టు_నాయుడు · గురువారం, మధ్యాహ్నం 1:40

మొకుసో అమ్మా! కళ్ళు మూసుకుని మౌనంగా ఉండటం. నా క్లాసులో ఒకడు నిజంగానే "మోక్షం!" అని అరిచేవాడు. వాడి తాతగారు మురిసిపోయేవారు.

విశ్రాంత_పంతులు · గురువారం, సాయంత్రం 5:15

"సెన్సై ని రెయ్" అంటే ఏమిటో మాట మాటకీ అర్థం చెప్పండి కిరణ్ గారూ, నాకేదో వాసన వస్తోంది.

కవాసాకి_కిరణ్ · గురువారం, సాయంత్రం 5:48

సెన్సెయ్ అంటే గురువు, ని అంటే కు, రెయ్ అంటే వందనం. షోమెన్ ని రెయ్, ఎదుటి వైపుకు వందనం. ఒతగై ని రెయ్, ఒకరికొకరు వందనం.

విశ్రాంత_పంతులు · గురువారం, సాయంత్రం 6:10

గురువు-కు వందనం! మాట వెంట మాట, విభక్తి వెనక. వరస మార్చకుండా తెలుగు అయిపోయింది. ఇంగ్లీషు మీదుగా తిరిగి రావాల్సిన పనేముంది మనకి?

ఇంకొకటి. మా మనవడి క్లాసు బ్యానర్ మీద "సెన్సై ఫలానా" అని ముందు పెట్టి రాశారు. జపాన్‌లో ఎలా అంటారు?

కవాసాకి_కిరణ్ · గురువారం, సాయంత్రం 6:22

పేరు తర్వాతే. తనకా సెన్సెయ్. మనం "రామారావు మాస్టారు" అన్నట్టే. ముందు పెట్టడం ఇంగ్లీషు అలవాటు. పైగా తనని తాను సెన్సెయ్ అని మామూలుగా ఎవరూ అనుకోరు. మనలో ఎవరైనా "నేను సుబ్బారావుగారిని" అంటే ఎలా ఉంటుంది? అలా. డాక్టర్లనీ, లాయర్లనీ కూడా సెన్సెయ్ అనే పిలుస్తారు. అక్షరాలా అయితే "ముందు పుట్టినవాడు".

గౌరవాల సంగతి వచ్చింది కాబట్టి నా పరువు పోయిన కథ కూడా. హైదరాబాద్‌లో మా క్లాసులో ప్రతిదానికీ "ఓస్!" అనేవాళ్ళం. వచ్చావా, ఓస్. అర్థమైందా, ఓస్. నీళ్ళు తాగుతావా, ఓస్. ఇక్కడికి వచ్చిన రెండో వారం లిఫ్ట్‌లో మా డిపార్ట్‌మెంట్ పెద్దాయన ఎదురయ్యారు. గౌరవం ఉప్పొంగి పిడికిలి బిగించి "ఓస్!" అన్నాను. లిఫ్ట్‌లో ఉన్నవాళ్ళంతా గోడల వైపు తిరిగారు. తర్వాత పక్క సీటాయన చెప్పాడు, అది కుర్రాళ్ళు తమలో తాము అనుకునే మొరటు పలకరింపు అని. మన "ఏరా, ఏంటి సంగతి" లాంటిదన్నమాట. క్యొకుషిన్ శైలివాళ్ళు, కొన్ని యూనివర్సిటీ క్లబ్బులవాళ్ళు డోజోలో గౌరవంగానే వాడతారు. ఒకినావా గురువుల్లో చాలామంది "హై" (అవును) అనడమే చాలంటారు.

కుర్రాడు_99 · గురువారం, రాత్రి 10:00

అన్నీ వాళ్ళవే అంటున్నారు. ఒక్కటీ మనది లేదా? 🙁

కవాసాకి_కిరణ్ · శుక్రవారం, ఉదయం 6:12

ఉంది తమ్ముడూ, నువ్వు వెతికిన చోట కాదు. "డోజో". బౌద్ధ గ్రంథాలు చైనా భాషలోకి వెళ్ళినప్పుడు "బోధిమండం" అన్న సంస్కృత మాటకి చేసిన అనువాదం అది. బుద్ధుడు జ్ఞానం పొందిన చోటు. అది గుళ్ళలో సాధన చేసే చోటయింది, తర్వాత కత్తిసాముకీ, జూడోకీ, మనకీ వచ్చింది. జెన్ కూడా ధ్యానమే, ధ్యాన, చాన్, జెన్. నువ్వు చెప్పులు విప్పి లోపల అడుగుపెట్టే ఆ గది పేరు గయ నుంచి వచ్చిందనుకో.

కుర్రాడు_99 · శుక్రవారం, ఉదయం 7:40

ఇది చాలు అన్నా. ఇప్పుడే స్టేటస్ పెట్టుకున్నా.

సితారవాళ్ళమ్మ · ఆ తర్వాతి శనివారం, రాత్రి 8:30

టెస్టు అయిపోయింది. పసుపు బెల్టు వచ్చింది. కానీ ఒకటి జరిగింది, చెప్పాలి.

బయటి నుంచి ఒక ఎగ్జామినర్ వచ్చారు. పిల్లల్ని ఒక్కొక్కరినీ పిలిచి పది మాటలు అడుగుతున్నారు. మేము గ్రిల్ అవతల నిలబడి వింటున్నాం. మా దానికి తొమ్మిది గడగడా వచ్చేశాయి. చివరిది "ఉకె". ఇది రెండు చేతులూ ముందుకు చాపి, బిందె అందుకున్నట్టు చూపించి, "తీసుకోవడం సార్" అంది. ఆయన కాయితం చూసుకున్నారు. "బ్లాక్" అన్నారు. ఇది "కాదు సార్, అందుకోవడం" అంది. ఆయన మళ్ళీ "బ్లాక్" అని పెన్నుతో ఇంటూ కొట్టారు. పదికి తొమ్మిది.

దారంతా స్కూటీ మీద ఏడుస్తూనే ఉంది. "నువ్వు చెప్పిందే చెప్పానుగా" అని నా వీపు మీద గుద్దింది. నేను మాస్టారితో మాట్లాడాలా, వదిలెయ్యాలా తెలియడం లేదు.

నల్లబెల్టు_నాయుడు · శనివారం, రాత్రి 8:52

తప్పు నాదమ్మా. పరీక్షకి ముందు చెప్పకుండా ఉండాల్సింది. రేపు మీ మాస్టారి దగ్గరికి వెళ్ళండి, కానీ మార్కు గురించి అడగొద్దు. "అగె-ఉకెలో రెండో చెయ్యి ఏం లాగుతుంది మాస్టారూ" అని పాపనే అడగమనండి. ఆయన చేసి చూపిస్తే సరే. చూపించకపోతే నాకు ఫోన్ చెయ్యండి, నంబరు మెసేజ్‌లో పెడతాను.

విశ్రాంత_పంతులు · శనివారం, రాత్రి 9:05

నేనైతే పదికి పదకొండు వేసేవాణ్ణి.

వరంగల్_వేణు · శనివారం, రాత్రి 9:11

నాకు మూడుసార్లు తల అడ్డం ఊపిండ్రు మేడమ్. పాపకి ఒక్క ఇంటూనే. చాక్లెట్ నా తరఫున కొనివ్వండి.

సితారవాళ్ళమ్మ · సోమవారం, రాత్రి 9:45

అడిగింది. మాస్టారు కాసేపు ఆలోచించి, దాన్నే గుద్దమని, దాని మణికట్టు పట్టుకుని చూపించారట. "ఇది నీకెవరు చెప్పారు?" అని కూడా అడిగారట. "నేరేడుపండు చేతుల తాతగారు" అందట. నాయుడుగారూ, మీరు తాతగారు కాకపోతే క్షమించండి.

కొత్త కాయితం ఇచ్చారు, నలభై మాటలు. జిరాక్సు ఇది ఇంకా అన్యాయం. మొదటి మాటే "ఎంపి". మోచేయి అని ఒక చోట, పిచ్చుక అని ఇంకో చోట ఉంది. ఇదైనా ప్రింటింగ్ మిస్టేకేనా?

కవాసాకి_కిరణ్ · మంగళవారం, ఉదయం 6:08

పిచ్చుక కాదండీ, వానకోయిల. మిస్టేక్ అదొక్కటే. మిగతా రెండూ రైటే. మోచేయి ఎంపిలో అక్షరాలు కోతి, చేయి. కత పేరు ఎంపిలో అక్షరాలు వానకోయిల, ఎగరడం. చెవికి ఒక్కటే, కాయితం మీద వేరు. పంతులుగారూ, దీనికి మన దగ్గర ఏమంటారు?

విశ్రాంత_పంతులు · మంగళవారం, ఉదయం 6:30

నానార్థాలు అనబోయి ఆగాను, అక్షరాలు వేరన్నారుగా. కాఫీ తాగి వస్తాను, ఉండండి.